పడవకు పేరు పెట్టిన ఆట

మే నెల వచ్చిందంటే ఈ ఉత్తరాది తాంపెరె ఊళ్లో సూర్యుడికి ఇంటికెళ్లే ధ్యాసే ఉండదు. అలాంటి ఎండలో మా ఓత్సో కిటికీకి నల్ల తెర లాగి, దాని మీద మా పెళ్లికి వాళ్ల పెద్దమ్మ అల్లి ఇచ్చిన ఉన్ని దుప్పటి వేలాడదీసి, అంచుల్లో వెలుతురు దూరకుండా బట్టల క్లిప్పులు బిగించి, పట్టపగలు ఇంట్లో చీకటి తయారుచేస్తాడు. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని శ్రద్ధగా భయపడతాడు.

మాకు పెళ్లై ఇంకా రెండు నెలలు నిండలేదు. తలుపు మీద ఇద్దరి పేర్లూ ఉన్న కొత్త పలకను రోజుకోసారైనా చూసి నవ్వుకునే దశలో ఉన్నాను. అందుకని ఆ చీకట్లో సోఫా చేతి మీద కూర్చుని, అతని భుజం మీద గడ్డం ఆనించి, కంప్యూటర్ తెర వెలుగులో అతని మొహం చూడటం నాకు తిరనాళ్లకు వెళ్లినట్టే ఉండేది.

ఆట పేరు ‘అడుగు పొర’. అందులో మనం ఒక పాత భవనంలో అద్దె గదిలో ఒంటరిగా ఉంటాం. బల్ల మీద ఒక కంప్యూటర్. దానిలోంచి ఇంటర్నెట్ అట్టడుక్కి, మామూలుగా వెతికితే దొరకని డీప్ వెబ్‌లోకి దిగాలి. అక్కడ బొంగురు గొంతులతో మాట్లాడే పేజీలు, చూస్తుండగానే మాయమైపోయే పేజీలు, పుర్రెలు అమ్మే దుకాణాలు. ఎక్కడో ఏడు చోట్ల ఒక తాళం సంకేతం ముక్కలు దాచారు. ఏడూ దొరికితే ఎక్కడో బంధించి ఉన్న ఒక అమ్మాయి గది తలుపు తెరుచుకుంటుంది. చెప్పడానికి ఇంతే. కానీ వెతుకుతున్నంతసేపూ హ్యాకర్లు మీద పడుతుంటారు. తెర మీద అక్షరాల గొలుసు వస్తుంది, ఒక్క తప్పు లేకుండా గబగబా కొట్టాలి. తప్పితే దొరికిన ముక్కలన్నీ పోతాయి. అది కాచుకునేలోపు మెట్ల మీద అడుగులు. వెంటనే లైటు ఆపి, తలుపు వెనక నిలబడి ఊపిరి బిగబట్టాలి. ఆలస్యమైతే తలుపు విరుగుతుంది, ఆట మొదటికొస్తుంది. మధ్యలో ఎక్కడా ఆపి దాచుకునే వీల్లేదు.

"ఇంత క్రూరంగా ఎందుకు తయారుచేశారు?" అని మొదట్లో అడిగాను.

"క్రూరం కాదు సైమీ, చాలా న్యాయమైన ఆట," అన్నాడు. "అన్నీ ముందే చెప్తుంది. మనమే వినం. ఇదిగో, ఆ ఫ్రిజ్ మోత విను."

హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టాడు. ఆట గదిలో మూలనున్న ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఇప్పుడు?"

మోత ఒక పిసరు తగ్గింది. అంతలో ఎక్కడో కింద ఒక అడుగు.

"వాడు భవనంలోకి వచ్చాడన్నమాట," అన్నాడు, ముద్దొచ్చేంత మురిపెంగా. "ఎవరో కూర్చుని దీన్ని ఆలోచించారు చూడు."

ఓత్సో ట్రామ్ నడుపుతాడు. రోజంతా గంటలూ బ్రేకులూ విన్న చెవులతో ఇంటికొచ్చి ఫ్రిజ్ మోతలో పిసరు తేడా పట్టగల మనిషిని చేసుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

ఈ ఆటకీ ఒక పడవకీ ముడి ఉంది. ఓత్సో, అతని చిన్ననాటి స్నేహితుడు కాపో, అన్నదమ్ములు యాలో, తర్మో, నలుగురూ కలిసి ఒక పాత కొయ్య పడవ కొన్నారు. చెక్కలు మార్చారు, తారు పూశారు. పేరు దగ్గర మాత్రం తెగలేదు. చివరికి ‘అడుగు పొర’ ముందు ఎవరు పూర్తి చేస్తే వాళ్లు పేరు పెట్టాలని ఒప్పందం చేసుకున్నారు. షరతు ఒకటే: కిటుకులు చదవకూడదు, గెలిచినవాళ్లని అడగకూడదు, బయటి సాయం ఏ రూపంలోనూ పనికిరాదు. మే ఆఖరి శనివారం పడవ నీళ్లలోకి దిగుతుంది. ఆలోపు ఎవరూ గెలవకపోతే వయసులో పెద్దవాడు కాబట్టి కాపో ఇష్టం.

కాపో ఇష్టమేమిటో ఊరంతటికీ తెలుసు. ఈ ఊరి బజారులో నెత్తురు కలిపి చేసి వేడివేడిగా అమ్మే నల్ల సాసేజి అంటే అతనికి ప్రాణం. పడవకు ‘నల్ల సాసేజి’ అని పేరు పెడతానని తెల్ల రంగు డబ్బా కూడా కొని ఉంచాడు.

ఓత్సో పెట్టాలనుకున్న పేరు నాది. పెళ్లి రోజు ఆవిరి స్నానం చేసే సావున గది మెట్ల మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, ఎటో చూస్తూ చెప్పాడు. మితభాషులుండే ఈ హామె ప్రాంతం మనిషి నోట అంత మాట రావడమంటే రాతిలోంచి నీళ్లు రావడమే. అప్పటినుంచీ ఆ పడవ మీద నాకు మహా ఆశ. నేను గలగలా మాట్లాడే కరేలియా పిల్లని, దాచుకోవడం చేతకాదు. బడిలో నా తరగతి పసిపిల్లలక్కూడా చెప్పేశాను.

పడవ దిగే శనివారానికి ఆరు రోజుల ముందు, ఆదివారం పొద్దున, ఓత్సోకి ఏడో ముక్క దొరికింది. అది మొదటిసారి కాదు. సమస్యంతా ఆ తర్వాతే. ఏడు ముక్కలూ వరసలో పేర్చి చివరి తలుపు సంకేతం కొడుతుండగా ప్రతిసారీ కరెంటు పోతుంది. తెర నల్లబడుతుంది. ఆట మొదటికి. కాపోదీ అదే గతి. యాలో, తర్మో అక్కడే విసిగి మానేశారు.

"ఇంకా తొందరగా కొట్టాలేమో," అని నేను.

"ఎంత తొందరగా కొట్టినా పోతోంది."

ఆ పొద్దున కూడా పోయింది. అతను తిట్టలేదు, బల్ల గుద్దలేదు. హెడ్‌ఫోన్లు మడిచిపెట్టి, కాఫీ కప్పు కడిగి, తుడిచి, "నేనేదో వినలేదు. ఎక్కడో చెప్పే ఉంటారు," అన్నాడు. ఓడిపోయిన ప్రతిసారీ ఆటను తయారుచేసినవాళ్లను ఇలా ఒక మాట పొగిడే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

అంతలో కాపో ఫోన్. ఓత్సో స్పీకర్ పెట్టాడు.

"ఏరా, ఆరిందా దీపం?"

"ఆరింది."

"నాదీ అంతే. పెళ్లికూతురు ఉందా అక్కడ?"

"ఉన్నాను," అన్నాను.

"తెల్ల రంగుకి నువ్వే బ్రష్షు పట్టాలమ్మా. సాసేజి అని రాయాలంటే గుండ్రటి చేతిరాత కావాలి."

"నీ మొహానికి రాస్తాను," అన్నాను. కాపో సంతోషంగా నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ వాళ్ల మామూలు చర్చలో పడ్డారు. ఆటలో మెట్ల మీద వచ్చే అడుగులు మూడు రకాలు. బూటు అడుగులు ఎత్తుకుపోయేవాడివి. ఇద్దరు కలిసి వచ్చే జోడు అడుగులు పోలీసులవి. మూడోది ఈడ్చుకుంటూ నెమ్మదిగా వస్తుంది, రెండుసార్లు తలుపు తడుతుంది, కాసేపు ఆగి వెళ్లిపోతుంది. దానికి నలుగురూ ‘చెప్పులవాడు’ అని పేరు పెట్టారు.

"వాడే అసలువాడు," అన్నాడు కాపో. "ఏమీ చెయ్యడు చూడు, అదీ భయం."

"నేను మాత్రం ఇంతవరకూ దొరకలేదు," అన్నాడు ఓత్సో. "నాకు వాడూ దొరకలేదు, వాడికి నేనూ దొరకలేదు."

చెప్పులవాడి నుంచి దాక్కోవడంలో ఓత్సోని మించినవాడు లేడన్నది నిజం. ఎందుకో మా ఇంటి తలుపు దగ్గర చూస్తే తెలుస్తుంది. ఈ ఊళ్లో ఎవరూ తలుపు తీసుకుని ఊరికే బయటికి వెళ్లరు. ముందు చెవి ఆనిస్తారు. మెట్ల మీద ఎవరైనా ఉంటే వాళ్లు వెళ్లేదాకా చెప్పులేసుకుని, కోటు తొడుక్కుని, తాళాలు పట్టుకుని అలా నిలబడతారు. ఎదురుపడితే పలకరించాల్సి వస్తుందని. ఓత్సో పుట్టిందీ పెరిగిందీ ఇలాంటి మెట్ల వెనకే. ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో, చేతిలో సంచి ఉందో లేదో కూడా చెప్పగలడు.

ఆ రోజు మేం తడి చెత్త పడేయడానికి బయల్దేరాం. గడియ మీద చెయ్యి వేశాను. ఓత్సో నా చేతిని పట్టుకున్నాడు.

"ఆగు. కెత్తునెన్ గారు."

కింది అంతస్తు ఆవిడ. తలుపు మీది పేరు తప్ప ఆవిడ గురించి అతనికి ఇంకేమీ తెలియదు. ఆరేళ్లుగా ఆవిడ నెత్తి మీదే కాపురం ఉంటున్నాడు.

"అయితే ఏం?"

"వెళ్లిపోతారు, ఒక్క నిమిషం."

"నా చేతిలో హెర్రింగ్ చేప తొక్కలున్నాయి ఓత్సో," అని తలుపు తీసేశాను.

ఆవిడ మెట్ల మలుపులో ఊపిరి తీసుకుంటూ నిలబడి ఉంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు. మమ్మల్ని చూసి ఆవిడే ఎక్కువ కంగారు పడింది.

"నమస్కారమండీ," అన్నాను. "నేను సైమిని. కొత్తగా వచ్చాను."

"తెలుసు," అంది. "పైన నడక మారింది. నాకు హెల్వి అని పేరు."

"ఇవాళ యాలకుల రొట్టె చేస్తున్నానండీ. కాఫీకి రండి."

నా వెనకాల ఓత్సో ఊపిరి బిగబట్టడం నా మెడకు తెలిసింది. ఆటలో కూడా అంత గట్టిగా బిగబట్టలేదు.

"ఎందుకమ్మా శ్రమ," అంది ఆవిడ. మా వైపైతే ఆ మాటకు అర్థం వస్తానని. ఇక్కడ రానని. అందుకని మళ్లీ పిలిచాను. మూడోసారికి ఆవిడ "సరే, రెండింటికి," అంది.

"సైమీ," అన్నాడు ఓత్సో, ఆవిడ మెట్లు దిగిపోయాక. "ఆవిడ నిజంగా వస్తుంది."

"అందుకేగా పిలిచింది."

"ఏం మాట్లాడాలి?"

"నువ్వు రొట్టె తిను. నేను మాట్లాడతాను."

కిటికీ మీది దుప్పటి తీయించాను. ఎండ ఇల్లంతా పరుచుకుంది. హెల్వి గారు చెప్పిన వేళకు, ఊలు సంచి చేతపట్టుకుని, మెట్లెక్కి వచ్చింది. ఆ అడుగులు వింటుంటే ఓత్సో చెయ్యి అలవాటుగా గోడ మీది స్విచ్చు వైపు వెళ్లింది. నేను చూశాను. అతనూ నన్ను చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కాఫీ పోశాను. వాతావరణం అయింది. సరస్సులో మంచు ఈసారి ఎప్పుడు కరిగిందన్నది అయింది. రొట్టెలో యాలకులు చాలినన్ని పడ్డాయని ఆవిడ ఒప్పుకుంది. ఆ తర్వాత మాట్లాడే భారం ఎవరు మోయాలో తెలియక ముగ్గురం కప్పుల్లోకి చూస్తుంటే, ఆవిడే అంది.

"మీ గంట పనిచేస్తుందన్నమాట. ఇవాళ నొక్కితే మోగింది. చెడిపోయిందనుకున్నాను."

"ఎప్పుడండీ?"

"శీతాకాలంలో. అబ్బాయి ఒక్కడే ఉన్నప్పుడు. మర్నాడు పొద్దున నీళ్లు కట్టేస్తారని కింద కాగితం అంటించారు, అది ఊడిపోయి గుమ్మంలో పడుంది. అందరికీ చెప్పాను. ఇక్కడ గంట నొక్కితే ఎవరూ రాలేదు, రెండుసార్లు తట్టాను. కాసేపు నిలబడి, ఎవరూ లేరనుకుని వెళ్లిపోయాను."

నాకు నవ్వాగలేదు. ఆ నీళ్ల కథ నాకు పెళ్లికి ముందే తెలుసు. తల నిండా సబ్బుతో ఉండగా నీళ్లు ఆగిపోయాయనీ, సీసాలోని సోడాతో కడుక్కున్నాడనీ, ఆ రోజంతా ట్రామ్‌లో తల అంటుకుపోయి ఉందనీ, ఈ భవనంలో ఎవరూ ఏదీ ముందుగా చెప్పరనీ ఓత్సో ఎన్నిసార్లు చెప్పాడో.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" అన్నాను.

ఓత్సో చేతిలోని రొట్టె ముక్క నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది. సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను. కాదు. ఫ్రిజ్ మోత తగ్గినప్పుడు పెట్టే మొహం అది.

"రెండుసార్లు తట్టారు," అన్నాడు నెమ్మదిగా. "కాసేపు నిలబడ్డారు. వెళ్లిపోయారు."

"అవును నాయనా."

"చెప్పులతో."

"బూట్లు తొడుక్కోవాలంటే నడుం వంగదు. పై అంతస్తుకేగా అని చెప్పులతోనే వచ్చాను."

అతను రొట్టె కంచంలో పెట్టాడు. లేచాడు. "హెల్వి గారూ, మీరేమీ అనుకోకపోతే, నేను ఇప్పుడే ఒక తలుపు తీయాలి," అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. "ఆటండీ," అన్నాను. "మీరూ చూస్తారా?"

"చూస్తాను. మేజోడు మడమ అల్లాలి, ఎక్కడ కూర్చున్నా ఒకటే."

ఆ రోజు దుప్పటి కట్టలేదు. పెద్దావిడ అల్లికకు వెలుతురు కావాలి కదా. ఆట చప్పుళ్లు అందరికీ వినిపించేలా హెడ్‌ఫోన్లు కూడా తీసేశాడు. ఎండలో, కాఫీ వాసనలో, హెల్వి గారి సూదుల టిక్కుటిక్కుల మధ్య ఓత్సో అట్టడుక్కి దిగాడు. అతని వేళ్లను నేను ఎన్నిసార్లు చూశానో, అంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు. హ్యాకర్ గొలుసులు విసురుతుంటే ఒక్క అక్షరం తడబడకుండా తిప్పికొట్టాడు. బూట్లు వచ్చాయి, లైటు ఆపాడు. జోడు అడుగులు వచ్చాయి, ఆపాడు. మూడో ముక్క, నాలుగో ముక్క.

అప్పుడు ఈడుపు అడుగులు.

హెల్వి గారి సూదులు ఆగాయి. తెరలో రెండు తట్లు. ఓత్సో ఇన్ని నెలలు దాక్కుని దాక్కుని, దాక్కోవడంలోనే పేరు తెచ్చుకుని, ఇప్పుడు తలుపు దగ్గరికి నడిచి వెళ్లాలి. తప్పయితే ఆట మొదటికి. శనివారంలోగా అతనికి మళ్లీ ఇంత ఖాళీ దొరకదు, ఆ వారమంతా డ్యూటీలే.

"తియ్యి నాయనా, పాపం నిలబడి ఉంది," అంది హెల్వి గారు.

తీశాడు.

గుమ్మంలో ఒక ముసలావిడ. చేతిలో చుట్టగా చుట్టిన కరెంటు వైరు. సాయంత్రం ఈ అంతస్తుకి కరెంటు తీసేస్తున్నారనీ, తన గదికి మాత్రం ఉంటుందనీ, కావాలంటే వైరు లాక్కోమనీ చెప్పి, ఒక చివర ఇచ్చి, చెప్పులీడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఓత్సో ఆ వైరును తలుపు కిందనుంచి లాగి కంప్యూటర్‌కి తగిలించాడు.

"మంచి మనిషి," అంది హెల్వి గారు. మళ్లీ సూదులు అందుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ ఆటను తయారుచేసినవాళ్లు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఏడో ముక్క దొరికి కరెంటు పోయాక కంప్యూటర్ వెలుగుతూనే ఉంది, కానీ తలుపు కింద వైరు అడ్డం ఉండటంతో గడియ పడదు. సరిగ్గా అప్పుడే బూట్లు. ఓత్సో ఎడమ చేత్తో తలుపును తోసిపట్టే మీట నొక్కి, కుడి చేత్తో మాత్రమే సంకేతం కొట్టడం మొదలుపెట్టాడు. తలుపు అటునుంచి అదురుతోంది. నేను అతని భుజం పట్టుకోబోయి, పట్టుకుంటే చెయ్యి కదులుతుందని నా మోకాలినే పట్టుకున్నాను. ఒక్కో అక్షరం. తొందర లేదు. స్టాపు దగ్గర ముసలివాళ్లు ఎక్కేదాకా ఆగే ట్రామ్‌లాగా అతని వేలు ఒక మీట మీంచి ఇంకో మీట మీదికి వెళ్లింది. చివరి అక్షరం.

ఎక్కడో ఒక తాళం తెరుచుకున్న చప్పుడు. ఒక అమ్మాయి పరిగెత్తుతున్న అడుగులు, దూరమవుతూ. అంతే. బాణాసంచా లేదు, సంగీతం లేదు. ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది.

ఓత్సో కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎంత బాగా చేశారు," అన్నాడు.

నేను అతన్ని ముద్దు పెట్టుకున్నాను. హెల్వి గారు మర్యాదగా మేజోడు మడమ లెక్క చూసుకుంది.

శనివారం సరస్సు ఒడ్డున అందరం చేరాం. హెల్వి గారిని నేనే తీసుకెళ్లాను. ఆవిడ ఈసారి బూట్లు వేసుకుంది, నడుం నేను వంచాను. నిప్పుల మీద నల్ల సాసేజి కాలుతోంది, పక్కన ఎర్ర పండ్ల జామ్ గిన్నె. పడవ తారు వాసనతో మెరుస్తోంది. కాపో రంగు డబ్బా ఓత్సో చేతికి ఇవ్వబోయాడు.

"ఆగు," అన్నాడు ఓత్సో. "ముందు ఒకటి చెప్పాలి."

చెప్తాడని నాకు తెలుసు. చెప్పకుండా ఉండలేడనే కదా చేసుకున్నది. నీళ్ల సంగతి, సబ్బు సంగతి, చెప్పుల సంగతి, అన్నీ చెప్పాడు.

మిగతా ముగ్గురూ నిప్పుల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించారు.

"చెప్పులవాడు ముసలావిడా?" అన్నాడు యాలో చివరికి.

"అవును."

"సాయం చెయ్యడానికి వచ్చిందా?"

"ప్రతిసారీ."

"తలుపు కొడితే తియ్యాలని ఎవడికి తెలుస్తుందిరా?" అన్నాడు కాపో, బాధగా. "ఎవరైనా కొడితే తీస్తారా?"

"మా ఊళ్లో తీస్తారు," అన్నాను.

"మీ ఊళ్లో తియ్యకముందే లోపలికి వచ్చేస్తారు," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "న్యాయంగా చూస్తే ఇది బయటి సాయమే. ఈవిడ చెప్పకపోతే వీడు తీసేవాడు కాదు."

"నేను తట్టింది నీళ్ల గురించి చెప్పడానికబ్బాయ్," అంది హెల్వి గారు. "అదీ శీతాకాలంలో."

"అప్పటికి ఒప్పందం ఉందా?" అన్నాడు తర్మో.

"ఉంది," అన్నాడు ఓత్సో. నా కాలు అతని కాలిని తొక్కడానికి వెళ్లి, మధ్యలో ఆగింది.

మళ్లీ ఆలోచన. సాసేజి ఒక పక్క మాడింది. కాపో దాన్ని తిప్పి, తిప్పిన చేత్తోనే తీర్పు చెప్పాడు.

"గెలుపులో సగం వీడిది, సగం ఈవిడది. పడవకి రెండు పక్కలున్నాయి. ఒక పక్క వీడు పెడతాడు పేరు. రెండో పక్క ఈవిడ పెడుతుంది."

"నేనా?" అంది హెల్వి గారు. పడవ వైపు చూసింది. "నాకేం పేర్లు తెలుసు?"

"మీ పేరు తెలుసు కదండీ," అన్నాను.

ఆవిడ పడవ అంచు తడిమింది. "మా ఆయన రెండు పడవలు కట్టాడు. ఒకదానికి కుక్క పేరు పెట్టాడు. రెండోదానికి పెట్టకుండానే పోయాడు," అంది. "అలాగే కానివ్వండి."

రెండు పక్కలా నేనే రాశాను. ఎడమ పక్క సైమి, కుడి పక్క హెల్వి. రంగు ఆరాక పడవను నీళ్లలోకి తోశారు. మొదటి షికారుకి ఓత్సో హెల్వి గారిని ఎక్కించుకున్నాడు. నేనే ఎక్కించమన్నాను, ఒడ్డు మీంచి నా పేరు నీళ్ల మీద వెళ్లడం చూడాలని. కుడివైపు దీవి దాకా ఆవిడ పేరు వెళ్లింది. అక్కడ ఓత్సో తెడ్డు తిప్పాడు. పడవ మెల్లగా మళ్లింది. తిరిగొచ్చేటప్పుడు నా పేరు వచ్చింది, ఎండలో, తెల్లగా, మా ఆయన వీపు ముందుకూ వెనక్కూ ఊగుతుండగా.

కాపో నా పక్కన నిలబడి మాడిన సాసేజి నములుతున్నాడు.

"పడవకి మూడో పక్క లేకపోయింది," అన్నాడు.

"అడుగు ఉందిగా," అన్నాను. "వచ్చే ఏడు తారు పూసేటప్పుడు అక్కడ రాసుకో. చేపలు చదువుకుంటాయి."

అతను నమలడం ఆపి నిజంగానే ఆలోచించాడు. "చేపలకి సాసేజి అంటే ఇష్టమే," అన్నాడు.